కెమెరా కుదురుగా నిలిచేదాకా: నీటి లోకాన్ని మన ఇళ్లకు తెచ్చిన జాక్ కూస్తో

సముద్రం చూడని పిల్లలే మన బడుల్లో ఎక్కువ. చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు నుంచి తూర్పుకు వెళ్లినా పడమరకు వెళ్లినా తీరం వందల కిలోమీటర్ల దూరం. అయినా ఆరో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. పగడపు దిబ్బ ఎలా ఉంటుందో, సొరచేప ఎలా మలుపు తిరుగుతుందో గడగడా చెప్తారు. టీవీలోనో ఫోన్‌లోనో చూసి ఉంటారు. నీటి అడుగున తీసిన అలాంటి దృశ్యాలు సామాన్యుల ఇళ్లదాకా రావడానికి దారి వేసినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు జాక్ ఈవ్ కూస్తో. ఫ్రాన్స్ నౌకాదళ అధికారి, ఈతగాడు, సినిమా దర్శకుడు. నీళ్లలో కెమెరా వణక్కుండా పట్టుకోవడం ఎలా అన్న ఒక్క ప్రశ్న వెంట ఆయన దాదాపు జీవితమంతా నడిచారు. ఆ నడకలో మన ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

బడికి నచ్చని కుర్రవాడు

కూస్తో 1910 జూన్ 11న ఫ్రాన్స్‌లో బోర్డో నగరానికి దగ్గరి చిన్న ఊరు సెయింట్ ఆంద్రె ద కుబ్జాక్‌లో పుట్టారు. చిన్నప్పుడు ఒంట్లో బలం అంతంత మాత్రం. తండ్రి ఉద్యోగం వల్ల కుటుంబం కొంతకాలం అమెరికాలో ఉంది. అక్కడి వేసవి శిబిరంలో చెరువు అడుగున పడిన కొమ్మలు, చెత్త తీసే పని పిల్లలకు అప్పగించారు. ఊపిరి బిగబట్టి నీళ్లలోకి దిగడం ఆయనకు అలా అలవాటైంది.

చదువు మీద మాత్రం మనసు లేదు. యంత్రం కనబడితే విప్పి చూడాల్సిందే. పదమూడేళ్ల వయసులో దాచుకున్న డబ్బుతో చిన్న సినిమా కెమెరా కొన్నారు. దాన్ని విప్పి, మళ్లీ బిగించి, ఎలా పని చేస్తుందో తెలుసుకున్నారు. ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో చిన్న చిన్న సినిమాలు తీశారు. ఇంత తెలివి ఉన్న కుర్రవాడు బడి కిటికీ అద్దాలు పగలగొట్టి బయటికి పంపించేయించుకున్నారు కూడా. తల్లిదండ్రులు ఆయన్ను క్రమశిక్షణ గట్టిగా ఉండే హాస్టల్ బడిలో వేశారు. అక్కడ కుదురుకుని చదివి 1930లో నౌకాదళ విద్యాలయంలో సీటు సంపాదించారు.

నౌకాదళంలో ఆయన కోరుకున్నది విమానం నడపడం. శిక్షణ పూర్తయ్యే దశలో కారు ప్రమాదం జరిగింది. రెండు చేతులూ విరిగాయి. ఒక చెయ్యి తీసేయాల్సి వస్తుందన్న మాట వచ్చినా ఆయన ఒప్పుకోలేదు. నెలల తరబడి వేళ్లు, మణికట్టు కదిలించే సాధన చేశారు. పైలట్ కావాలన్న ఆశ అక్కడితో ముగిసింది. చేతులకు బలం రావాలని తూలోన్ రేవు దగ్గర రోజూ సముద్రంలో ఈదడం మొదలుపెట్టారు. 1936లో తోటి అధికారి ఫిలిప్ తైయే ఆయనకు నీళ్లలో పెట్టుకునే కళ్లద్దాలు ఇచ్చారు. వాటితో తల ముంచి చూశాక ఆయన జీవితం ఇంకో దారి పట్టింది. చూసినదాన్ని పదిమందికీ చూపించాలనిపించింది. చిన్ననాటి కెమెరా పిచ్చి, ఈత ఒకచోట కలిశాయి. మరుసటి ఏడాది సిమోన్ మెల్కియోర్‌తో పెళ్లయింది. ఆ తర్వాతి ప్రయోగాలన్నిటిలో ఆమె తోడున్నారు.

నీళ్లు కెమెరాకు పెట్టే చిక్కులు

నీటి అడుగున ఫోటో తీయడం కూస్తోతో మొదలు కాలేదు. ఫ్రాన్స్‌లోనే లూయీ బూతాన్ అనే శాస్త్రవేత్త 1893 నాటికే ఆ పని చేశారు. అయితే కదిలే బొమ్మను, చూసేవాడి కళ్లు తిరగకుండా, నిలకడగా తీయడం వేరే పని. అందులో చిక్కులు నాలుగు. సైన్స్ చెప్పే ఉపాధ్యాయులకు ఇవన్నీ పాఠంలో ఉన్నవే.

మొదటిది ఒత్తిడి. నీళ్లలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. పద్దెనిమిది మీటర్ల లోతులో, పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అద్దం మీద బయటి నుంచి దాదాపు 180 కిలోల అదనపు బరువు పడుతుంది. కెమెరా పెట్టె దాన్ని ఓర్చుకోవాలి. ఒక్క చుక్క లోపలికి రాకూడదు.

రెండోది వెలుగు. నీళ్లు ముందుగా ఎరుపును మింగేస్తాయి. కొద్ది మీటర్లు దిగేసరికి ఎర్ర చేప నల్లగా కనిపిస్తుంది. ఇంకా దిగితే అంతా నీలం.

మూడోది వక్రీభవనం. బల్ల పరుపు అద్దం గుండా చూస్తే నీళ్లలోని వస్తువు అసలు దూరంలో మూడు వంతులే ఉన్నట్టు, మూడో వంతు పెద్దదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. కెమెరాకు కనబడే మేర తగ్గిపోతుంది. బొమ్మ పెద్దదైనట్టే చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. అందుకే నీళ్లలోకి విశాలంగా చూసే లెన్స్ కావాలి. దానితో వస్తువుకు బాగా దగ్గరగా వెళ్లాలి. మధ్యలో నీళ్లు ఎంత తక్కువ ఉంటే బొమ్మ అంత స్పష్టం.

నాలుగోది కుదురు. ఒడ్డున కెమెరాకు మూడు కాళ్ల స్టాండు ఉంటుంది. నీళ్లలో కాలి కింద నేల లేదు. అల ముందుకు నెడుతుంది, వెనక్కి లాగుతుంది. కాలు ఆడిస్తే ఒళ్లంతా కదులుతుంది. పెట్టె మరీ బరువైతే చేతుల్ని కిందికి గుంజుతుంది, తేలికైతే పైకి లేస్తుంది. పది లీటర్ల నీటిని పక్కకు నెట్టే పెట్టె బరువు పది కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటేనే సముద్రంలో అది ఉన్నచోట నిలుస్తుంది. సీసం ముక్కలు కట్టో, గాలి ఖాళీ ఉంచో ఆ తూకం తేవాలి. తూకం కుదిరిన పెద్ద కెమెరా, చిన్నదాని కంటే కుదురుగా ఉంటుంది. చిన్న చిన్న కుదుపులకు అది తొందరగా కదలదు.

యుద్ధకాలపు పాత కెమెరా

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఫ్రాన్స్ ఓడిపోయి ఉంది. కొత్త కెమెరా కొనే స్థితి లేదు. కూస్తో కినామో అనే పాత సినిమా కెమెరాను తక్కువ ధరకు సంపాదించారు. లియోన్ వెష్ అనే నౌకాదళ మెకానిక్ దానికి నీరు చొరని లోహపు పెట్టె చేసిపెట్టారు. సినిమా ఫిల్మ్ బజారులో దొరకలేదు. స్టిల్ కెమెరాలకు వాడే చిన్న ఫిల్మ్ చుట్టలు కొని, చీకట్లో దుప్పటి కప్పుకుని, భార్యాభర్తలు వాటిని ఒకదానికొకటి అతికించి పొడవైన చుట్టలు చేసుకున్నారు.

అలా 1942లో తీసిన చిన్న సినిమా పేరుకు అర్థం పద్దెనిమిది మీటర్ల లోతున అని. నీళ్లలో చేపల వేట దాని విషయం. వేటాడింది స్నేహితుడు ఫ్రెడరిక్ ద్యుమా. అదంతా ఊపిరి బిగబట్టి తీసినదే. దిగడానికి కొన్ని క్షణాలు, పైకి రావడానికి కొన్ని. మధ్యలో మిగిలే కాస్త సమయంలో చేప కనబడాలి, కెమెరా గురి కుదరాలి, చెయ్యి ఆగాలి. ఊపిరి అందక గుండె కొట్టుకుంటుంటే ఏ చెయ్యి ఆగుతుంది? లెన్స్ మార్చినా, పెట్టె మార్చినా తీరని లోటు అది. కెమెరా నిలవాలంటే ముందు మనిషి నీళ్లలో నిలవాలి. అందుకని కూస్తో వెతికిన ముఖ్యమైన పరికరం కెమెరా సామాన్ల దుకాణంలో దొరికేది కాదు. ఆయనకు కావాల్సింది గాలి.

ఊపిరి దొరికింది

అంతకుముందే ఆయన స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో నడిచే శ్వాస పరికరం ప్రయత్నించారు. బొగ్గు గనుల్లో రక్షక దళాలు వీపున తగిలించుకునే పరికరాల గురించి మన ప్రాంతంలో చాలామందికి తెలుసు. వాటిలో ఆక్సిజన్‌తో నడిచే రకం సూత్రం కూడా అదే. విడిచిన గాలిని శుభ్రం చేసి, ఆక్సిజన్ చేర్చి మళ్లీ పీల్పిస్తుంది. గనిలో అది ప్రాణం కాపాడుతుంది. లోతు నీళ్లలో మాత్రం ఒత్తిడి వల్ల అదే ఆక్సిజన్ విషమవుతుంది. కూస్తోకు నీళ్లలో మూర్ఛ వచ్చింది. ప్రాణంతో బయటపడ్డారు. ఆ దారి వదిలేశారు.

సిమోన్ తండ్రి ఎయిర్ లిక్విడ్ అనే పారిశ్రామిక వాయువుల కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఆయన ద్వారా అదే కంపెనీ ఇంజనీరు ఎమీల్ గాన్యాన్‌తో పరిచయమైంది. యుద్ధం వల్ల పెట్రోలు కరువై కార్లను గ్యాస్‌తో నడుపుతున్న రోజులవి. ఇంజనుకు ఎంత కావాలో అంతే గ్యాస్ వదిలే కవాటం ఒకటి గాన్యాన్ చేశారు. మనిషి పీల్చినప్పుడే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడా గాలి వదిలేలా దాన్ని మార్చవచ్చా అని ఇద్దరూ ఆలోచించారు.

1943 మొదట్లో పారిస్ దగ్గర మార్న్ నదిలో పరీక్షించారు. అడ్డంగా ఈదితే బాగానే ఉంది. నిలువుగా ఉంటే గాలి ఊరికే పోతోంది. తలకిందులైతే పీల్చడం కష్టమవుతోంది. గాలి వచ్చే చోటు, విడిచిన గాలి పోయే చోటు వేర్వేరు ఎత్తుల్లో ఉండడమే కారణమని పట్టుకున్నారు. రెండిటినీ పక్కపక్కన పెట్టేసరికి పని జరిగింది. ఆ వేసవిలో మధ్యధరా తీరంలోని బాందోల్ దగ్గర కూస్తో దానితో దిగారు. పైన నీటి మీద తేలుతూ సిమోన్ ఆయన్నే చూస్తూ ఉన్నారు. ఆయన పల్టీలు కొట్టారు, తలకిందులుగా నిలబడ్డారు. ఏ భంగిమలోనూ గాలి ఆగలేదు. ఆక్వాలంగ్ అని పేరు పెట్టిన ఆ పరికరమే నేటి స్కూబాకు మూలం.

అదే ఏడాది మునిగిపోయిన ఓడల మీద రెండో సినిమా తీశారు. ఈసారి కెమెరామన్‌కు తొందర లేదు. ఒకచోట ఆగవచ్చు. గాలి నిండుగా పీలిస్తే ఒళ్లు కాస్త పైకి తేలుతుంది, వదిలితే కిందికి దిగుతుంది. ఆ సంగతి తెలిస్తే ఊపిరితోనే కెమెరా ఎత్తు మార్చవచ్చు. నెమ్మదిగా, ఒకే తీరుగా ఊపిరి తీసేవాడి బొమ్మ నిలకడగా వస్తుంది. యుద్ధం ముగిశాక ఆ సినిమా నౌకాదళ పెద్దలకు చూపించారు. దాని ఫలితంగా తూలోన్‌లో నీటి అడుగు పరిశోధన బృందం ఏర్పడింది. సముద్రంలో మిగిలిన మందుపాతరలు తీయడం కూడా ఆ బృందం పనుల్లో ఒకటి.

కాలిప్సో ఓడ, స్వర్ణ పురస్కారం

1950లో ఒక ధనవంతుడైన బ్రిటన్ దాత పాత మందుపాతరల ఓడను కొని, ఏడాదికి ఒక్క ఫ్రాంకు నామమాత్రపు అద్దెకు కూస్తోకు అప్పగించారు. దాని పేరు కాలిప్సో. కూస్తో దాన్ని సినిమా తీసే ఓడగా మార్చుకున్నారు. ముందుభాగంలో నీటి మట్టానికి కింద గాజు కిటికీలున్న గది కట్టించారు. బయట అల ఎలా ఉన్నా, లోపల పొడిగా కూర్చుని కెమెరా తిప్పవచ్చు. లోతులో వెలుగు కోసం ఓడ మీది జనరేటర్ల నుంచి పొడవాటి తీగలతో దీపాలు దించారు. ఆ వెలుగు పడేసరికి నీలంగా కనిపించిన పగడాలు ఎర్రగా, పసుపుగా బయటపడ్డాయి. మనిషి దిగలేని లోతుల ఫోటోల కోసం అమెరికా ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ తన ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌తో వచ్చి ఓడలో చేరారు.

1956లో వచ్చిన ద సైలెంట్ వరల్డ్ సినిమాను కూస్తో, లూయీ మాల్ కలిసి దర్శకత్వం వహించారు. మాల్ అప్పటికి ఇరవై మూడేళ్ల యువకుడు. ఆ సినిమాకు కాన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం, ఆ తర్వాత ఆస్కార్ వచ్చాయి. కాన్స్‌లో ఆ గౌరవం మళ్లీ ఒక డాక్యుమెంటరీకి దక్కడానికి 2004 దాకా పట్టింది.

ఇతరుల చేతికి కూడా పనిముట్టు అందాలని ఆయన ఆలోచించారు. బెల్జియం ఇంజనీరు జాన్ ద వూతర్ విడి పెట్టె అక్కర్లేని, తనంతట తానే నీరు చొరకుండా ఉండే చిన్న ఫోటో కెమెరా రూపొందించారు. ఓడ పేరు మీదే దానికి కాలిప్సో అని పేరు పెట్టారు. తర్వాత జపాన్ కంపెనీ నికాన్ దాన్నే నికోనోస్ పేరుతో 1963లో అమ్మకానికి తెచ్చింది. అదే ఏడాది సూడాన్ తీరంలో, ఎర్ర సముద్రంలో, పది మీటర్ల లోతున ఇల్లు కట్టి ఐదుగురు నెలపాటు అందులో ఉన్నారు. ఆ అనుభవం మీద తీసిన సినిమాకు కూడా ఆస్కార్ వచ్చింది.

తన సినిమాయే తనకు అద్దమైంది

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే కూస్తో కథ సగమే అవుతుంది. పురస్కారాలు తెచ్చిన సైలెంట్ వరల్డ్‌ను ఈరోజు పిల్లలతో కూర్చుని చూస్తే కొన్ని చోట్ల ఇబ్బంది పడతాం. చేపల్ని లెక్కించడానికి పగడపు దిబ్బ దగ్గర డైనమైట్ పేల్చడం అందులో ఉంది. ఓడ తగిలి గాయపడిన తిమింగలం పిల్ల ఉంది. దాన్ని తినడానికి వచ్చిన సొరచేపల్ని ఓడ సిబ్బంది కోపంతో నరకడం ఉంది. ఏ చెయ్యీ అడ్డు పెట్టకుండా కెమెరా అదంతా చూపించింది. ఆ పనులు చేసిన బృందానికి నాయకుడు కూస్తోయే.

ఆయన్ను మార్చింది కూడా అదే చూపు. ఒకే సముద్రంలోకి ఏళ్ల తరబడి దిగినవాడికి తేడా తెలుస్తుంది. యువకుడిగా చేపలు గుంపులుగా చూసిన మధ్యధరా చోట్లలో తర్వాత చేపలు పలచబడ్డాయని, అడుగున చెత్త పేరుకుందని ఆయన గమనించారు. 1960లో మధ్యధరాలో అణు వ్యర్థాలు పారేయాలన్న ప్రతిపాదనను బహిరంగంగా వ్యతిరేకించారు. 1968 నుంచి వచ్చిన ఆయన టీవీ కార్యక్రమాలు దేశదేశాల ఇళ్లలోకి సముద్రాన్ని తెచ్చాయి. 1973లో సముద్ర పరిరక్షణ కోసం సంస్థ స్థాపించారు. 1990 ప్రాంతంలో ఆయన బృందం మన అండమాన్ దీవుల్లో కూడా చిత్రీకరణ చేసింది. అంటార్కిటికాలో ఖనిజాల తవ్వకం వద్దని ఆ రోజుల్లోనే ఆయన నడిపిన సంతకాల ఉద్యమం, 1991 నాటి అంతర్జాతీయ నిషేధానికి బలం ఇచ్చింది.

సొంత జీవితంలో దెబ్బలు కూడా గట్టిగానే తగిలాయి. తండ్రితో కలిసి సినిమాలు తీసిన చిన్న కొడుకు ఫిలిప్ 1979లో లిస్బన్ దగ్గర సముద్ర విమాన ప్రమాదంలో పోయారు. కాలిప్సోలో అందరికంటే ఎక్కువ రోజులు గడిపిన సిమోన్ 1990లో కన్నుమూశారు. 1996 జనవరిలో సింగపూర్ రేవులో ఒక బార్జి ఢీకొని కాలిప్సో మునిగింది. మరుసటి ఏడాది జూన్ 25న, 87 ఏళ్ల వయసులో, కూస్తో పారిస్‌లో మరణించారు. పుట్టిన ఊళ్లోనే ఆయన్ను సమాధి చేశారు.

మన బడిలో కెమెరా కొంటే

ఇప్పుడు అరచేతిలో పట్టే యాక్షన్ కెమెరాలు వచ్చాయి. సైన్స్ ప్రదర్శన కోసమో, చెరువు ప్రాజెక్టు కోసమో కొనాలనుకునే బడులు ఉండవచ్చు. కూస్తో పడిన పాట్లే మనకు కొనుగోలు జాబితా.

విశాలంగా చూసే లెన్స్ ఉందో లేదో చూడండి. పెట్టె మీద రాసిన లోతు హద్దును దాటకండి. నీళ్లలో ముంచే ముందు రబ్బరు రింగు మీద ఇసుక రేణువు, వెంట్రుక లేకుండా తుడవండి. వణుకు తగ్గించే ఏర్పాటు కెమెరాలోనే ఉందని అమ్మేవాళ్లు చెప్తారు. అది బొమ్మ అంచుల్ని కత్తిరించి సర్దుతుంది. మసక వెలుతురులో దాని బలం తగ్గుతుంది. దానికంటే రెండు చేతులతో పట్టుకునే వెడల్పు పిడి ఎక్కువ మేలు చేస్తుంది. దీపం వాడితే లెన్స్ పక్కనే పెట్టకండి. పొగమంచులో మోటారు సైకిల్ లైటు వేసినట్టు నీటిలోని మట్టి రేణువులే మెరుస్తాయి. దీపాన్ని పక్కకు, దూరంగా పెట్టాలి.

పిల్లల్ని మాత్రం నీళ్లలోకి దించవద్దు. మన జిల్లాలో వెదురుకు కొదవ లేదు. గట్టి వెదురు కర్ర చివర కెమెరా బిగించి, పెద్దలు దగ్గరుండగా, గట్టు మీద నుంచి దించితే చాలు. కర్ర రెండో కొన గట్టు రాయికి ఆనితే బొమ్మ ఇంకా కుదురుగా వస్తుంది. అది కూడా వీలుకాకపోతే తరగతిలో గాజు తొట్టె పెట్టి, ఎదురుగా బల్ల మీద ఫోన్ ఆనించి చేపను తీయమనండి. వక్రీభవనం పాఠం అక్కడే అర్థమవుతుంది.

చంద్రపూర్ కోట పక్కనున్న రామాల చెరువును గుర్రపు డెక్క ఎలా కప్పేసిందో మనకు తెలుసు. అలాంటి చెరువు దగ్గర ఒకే గట్టు రాయి నుంచి, ఏటా ఒకే నెలలో, రెండు నిమిషాల వీడియో తీసి తేదీతో బడిలో దాచి ఉంచితే, ఐదో తరగతిలో మొదలుపెట్టిన పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి ఆరు వీడియోలు పోగవుతాయి. నీళ్లు తేటపడ్డాయో, ఇంకా మురికిపట్టాయో వాటిని పక్కపక్కన పెట్టి చూసి వాళ్లే చెప్తారు.